మా మద్రసా కంప్యూటర్లు - ఒక విద్యార్థి ప్రశ్న

 

గత శీతకాలంలో ఒక ఉదయం పై తరగతి విద్యార్థులకు ఫిఖహ్ గ్రంథంలో 'గస్బ్' అధ్యాయం బోధిస్తున్నాను. ఇతరుల సొత్తును యజమాని అనుమతి లేకుండా స్వాధీనం చేసుకోవడాన్ని ధర్మశాస్త్ర పరిభాషలో గస్బ్ అంటారు. అలా తీసుకున్నదాన్ని తిరిగి అప్పగించేంతవరకు మనిషి బాధ్యత తీరదనీ, దానితో ఎంత మంచి పని చేసినా ఆ బాధ్యత మాఫీ కాదనీ వివరించాను. పాఠం ముగియబోతుండగా ఒక విద్యార్థి లేచి నిలబడి, "హజ్రత్, ఒక మాట అడగవచ్చునా? మన కంప్యూటర్ గదిలో ఉన్న విండోస్ మనం కొన్నదేనా?" అని వినయంగా అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ కంప్యూటర్లు మొత్తం ఆరు. ఒక దాత తన కార్యాలయానికి కొత్తవి కొనుక్కుని, పాతవాటిని డిస్కులు ఖాళీ చేసి మద్రసాకు ఇచ్చారు. బజారులోని ఒక దుకాణం కుర్రవాడు వచ్చి ఒక్క పూటలో ఆరింటిలోనూ విండోస్ వేసి, తన కూలి తీసుకుని వెళ్లిపోయాడు. 'యాక్టివేట్ చేయండి' అన్న హెచ్చరిక తెర మూలన కనిపించినప్పుడు, దానిని మాయం చేసే చిన్న ప్రోగ్రాము కూడా అతడే నడిపాడు. నేను పక్కనే నిలబడి చూశాను. అదేమిటని అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందో తెలుసు కనుకనే అడగలేదేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఆ యంత్రాల మీదనే మా పిల్లలు అరబీ, ఉర్దూ, తెలుగు టైపింగు నేర్చుకుంటున్నారు. పరీక్ష పత్రాలు, హాజరు పట్టికలు, చివరకు జకాత్ రసీదులు కూడా వాటి మీదనే అచ్చవుతున్నాయి. "రేపు చెబుతాను బేటా" అని ఆ పూటకు తప్పించుకున్నాను. ఆ 'రేపు' రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల కథనే ఈ మాసం మీతో పంచుకుంటున్నాను. ఎందుకంటే ఇదే ప్రశ్న మీ ఇంటి కంప్యూటరును గురించి మీ పిల్లలు కూడా అడగవచ్చు.

ధర్మశాస్త్రం ఏమంటున్నది?

చేతికి తగలని వస్తువు మీద హక్కు ఉంటుందా అన్న చర్చ మన పండితుల మధ్య కొత్తది కాదు. గ్రంథ ముద్రణ హక్కుల విషయంలో ఉపఖండపు ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉండేవి. ఒక పుస్తకాన్ని కొన్నవాడు దానికి మరో ప్రతి తీసుకుంటే తప్పేమిటని కొందరు పెద్దలు భావించారు. కాలక్రమేణా వ్యాపార స్వరూపం మారింది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన తన ఐదవ సమావేశంలో ఈ విషయాన్ని పరిశీలించింది. రచన, ఆవిష్కరణ, వ్యాపార నామం వంటి హక్కులకు ఈ కాలంలో ఆర్థిక విలువ ఏర్పడిందనీ, షరీఅత్ దృష్టిలో అవి రక్షణ పొందదగినవనీ, వాటిని ఉల్లంఘించడం తగదనీ తీర్మానించింది. సాఫ్ట్‌వేరు కూడా ఒకరి శ్రమతో, ఒకరి పెట్టుబడితో తయారైన రచనే.

ఇక 'మనం పేదవాళ్లం, మద్రసా పని కోసమే కదా వాడుతున్నాం' అన్న సాకు మిగిలింది. అత్యవసరం నిషిద్ధాన్ని సడలిస్తుందన్న సూత్రం ఫిఖహ్‌లో ఉన్న మాట నిజమే. కాని ధర్మసమ్మతమైన మరో దారి అందుబాటులో ఉన్నవారికి ఆ సూత్రం వర్తించదు. అందువల్ల నా ముందున్న ప్రశ్న ఒక్కటే: మరో దారి ఉన్నదా?

కొనడం మొదటి దారి. జకాత్ ధనంతో కొనలేము. దానిని హక్కుదారుడైన పేదవాని సొంతం చేసి ఇవ్వాలన్నది హనఫీ ఫిఖహ్ నియమం. లిల్లాహ్ పద్దులో ఉన్నది వంటకూ కరెంటు బిల్లుకూ సరిపోతే అదే గొప్ప. పైగా మా ఆరు యంత్రాలలో ఐదు, కొత్తదైన విండోస్ 11 నిర్దేశించే ప్రమాణాలకు చాలవు. వాటిలో ఉన్న విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. అంటే డబ్బు పెట్టి కొనాలనుకున్నా, ఆ ఐదు యంత్రాలనూ పక్కన పడవేయవలసిందే.

ఈ బాధ మా చెల్లెలి కుమారునితో చెప్పుకున్నాను. అతడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "మామూ, లినక్స్ వేసి చూడండి. పాత యంత్రాలే చాలు. కాపీ తీసుకోండని దాని యజమానులే చెబుతున్నారు" అన్నాడు. యజమానులే చెబుతున్నారు అన్న మాట దగ్గర నా మనసు నిలిచింది.

ఇజాజత్ వంటి అనుమతి

కంప్యూటరులోని తెరను, కీబోర్డును, డిస్కును, మనం వాడే ప్రోగ్రాములను ఒక అదుపులో నడిపించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్ అటువంటిదే, లినక్స్ కూడా అటువంటిదే. అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల వ్యవస్థను నిర్మిస్తానని ప్రకటించి, 'గ్నూ' అన్న పేరుతో పని ప్రారంభించారు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, 21 ఏళ్ల వయసులో, ఆ వ్యవస్థకు గుండెకాయ వంటి 'కెర్నెల్' భాగాన్ని రాసి లోకానికి అందించారు. ఆ తరువాత దేశదేశాలలోని వేలాది మంది దానికి చేయి కలిపారు. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది కూడా ఈ లినక్స్ కెర్నెలే.

దీని అనుమతి పత్రం పేరు జీపీఎల్. ఎవరైనా, ఏ పనికైనా దీనిని వాడుకోవచ్చు. లోపల ఎలా పనిచేస్తున్నదో చదివి తెలుసుకోవచ్చు. మార్చుకోవచ్చు. ప్రతులు తీసి ఇతరులకు ఇవ్వవచ్చు. షరతు ఏమంటే, మార్చి ఇతరులకు పంచేవారు ఆ మార్పుల మూలరూపాన్ని దాచకుండా, తాము పొందిన అనుమతులనే తమ తరువాతివారికి కూడా ఇవ్వాలి.

మద్రసాలో చదివినవారికి ఈ పద్ధతి అపరిచితమైనది కాదు. ఉస్తాద్ తన సనదుతో ఒక గ్రంథాన్ని శిష్యునికి అప్పగించి, దానిని ఇతరులకు బోధించే ఇజాజత్ ఇస్తారు. శిష్యుడు దానిని తన దగ్గరే దాచుకోడు. విద్యను దాచడం ఎంత తీవ్రమైన విషయమో హదీసులు చదివినవారికి తెలుసు. అయితే ఇది పోలిక మాత్రమే. ఫిఖహ్ దృష్టిలో ఇది యజమాని షరతులతో ఇచ్చిన అనుమతి. ఆ షరతులను పాటించడం ఒప్పందాన్ని నెరవేర్చడమే.

మరొక విషయం. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట ఉండడం వల్ల, దీనిని కేవలం డబ్బు లేకుండా వచ్చే వస్తువుగా చాలామంది భావిస్తారు. మన భాషలలో ఆ చిక్కు లేదు. 'ముఫ్త్' వేరు, 'ఆజాద్' వేరు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. దొంగిలించిన విండోస్ కూడా మాకు ముఫ్తుగానే వచ్చింది. తేడా ధరలో లేదు, అనుమతిలో ఉన్నది.

మొదటి అడుగులు

లినక్స్ అనేక రూపాలలో లభిస్తుంది. కొత్తవారికి 'ఉబుంటు', 'లినక్స్ మింట్' అన్న రెండూ అనువైనవని చెబుతారు. మింట్‌లో 'ఎక్స్‌ఎఫ్‌సీఈ' అన్న తేలికపాటి రూపానికి కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలి, 4 జీబీ ఉంటే సుఖంగా నడుస్తుంది. మా యంత్రాలలో ఉన్నది 4 జీబీయే. మేము మింట్ 22 తెచ్చుకున్నాము. దీనికి 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి.

దాదాపు మూడు జీబీల ఫైలును మింట్ అధికారిక స్థలం నుండి దింపుకోవాలి. దింపుకున్న తరువాత, అది సరిగా వచ్చిందో లేదో పోల్చి చూడమన్నాడు మేనల్లుడు. ఫైలును లెక్కకట్టి కంప్యూటరు 64 అక్షరాల, అంకెల వరుస ఒకటి ఇస్తుంది. తయారీదారులు ప్రకటించిన వరుసతో అది పూర్తిగా కలవాలి. నన్ను ప్రశ్నించిన విద్యార్థినే పిలిచి ఒకదానిని పైకి చదవమని, నేను రెండవదానిని చూస్తూ కూర్చున్నాను. హదీసు గ్రంథాలను చేతితో నకలు చేసిన కాలంలో, మూలప్రతితో పోల్చి సరిచూడనిదే ఆ నకలును విశ్వసించేవారు కాదు. దానిని ముఖాబలా అనేవారు. 64వ అక్షరం కూడా కలిసినప్పుడు ఆ కుర్రవాడు "ముఖాబలా పూర్తయింది హజ్రత్" అని నవ్వాడు.

ఆ ఫైలును 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. 'ఎచర్' వంటి ఒక చిన్న ప్రోగ్రాముతో రాయాలి. అలా రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కనుక ముందే ఖాళీ చేసుకోవాలి. తరువాత దానిని కంప్యూటరుకు పెట్టి, స్విచ్ వేసిన వెంటనే ఎఫ్12 గాని, ఎఫ్9 గాని, ఎస్కేప్ గాని నొక్కాలి. ఏ మీట అన్నది ఒక్కో తయారీకి ఒక్కో విధంగా ఉంటుంది. నేను నొక్కేలోపే మూడుసార్లు విండోస్ తెరుచుకున్నది. నాలుగవసారి మేనల్లుడు చెప్పినట్లు స్విచ్ వేసిన క్షణం నుండి మీటను పదే పదే నొక్కితే, పెన్‌డ్రైవ్ పేరున్న పట్టిక కనిపించింది.

కొత్తవారికి ఇందులో గొప్ప సౌకర్యం ఒకటి ఉన్నది. డిస్కును ఏమాత్రం ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ నుండే లినక్స్‌ను నడిపి చూడవచ్చు. దీనిని 'లైవ్' పద్ధతి అంటారు. తెర సరిగా వస్తున్నదా, వైఫై అందుతున్నదా, శబ్దం వినిపిస్తున్నదా అన్నవి చూసుకుని, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసివేస్తే పాత కంప్యూటరు పాతదిగానే ఉంటుంది. మేము వారం రోజులు అలాగే వాడాము. పెన్‌డ్రైవ్ నుండి నడుస్తుంది కనుక కొంత నెమ్మదిగా ఉంటుంది. అది చూసి నిరాశ పడనవసరం లేదు.

నా తొందరపాటు

వారం గడిచాక నాకు ధైర్యం వచ్చింది. దఫ్తరులోని కంప్యూటరుతో మొదలుపెడదామని కూర్చున్నాను. 'డాక్యుమెంట్స్' అన్న సంచిని మరో డిస్కులోకి కాపీ చేసుకున్నాను. డిస్కు మొత్తం చెరిపి లినక్స్ వేయమన్న ఎంపికను నొక్కాను. అరగంటలో పని పూర్తయింది. సంతోషంతో షుక్రానా నమాజు కూడా చేశాను.

మరునాడు మా గుమాస్తా గారు వచ్చి, "మౌల్వీ సాబ్, హిఫ్జ్ పిల్లల సబఖ్ పట్టికలు ఎక్కడ?" అని అడిగారు. ఆయన వాటిని డాక్యుమెంట్స్‌లో కాక, తెర మీదనే డెస్క్‌టాప్‌లో ఉంచుకునేవారట. మూడు సంవత్సరాల పట్టికలు. ఏ బాలుడు ఏ నెలలో ఎన్ని పారాలు కంఠస్థం చేశాడో, ఎక్కడ తడబడ్డాడో తెలిపే లెక్కలు. అన్నీ పోయాయి.

ఇందులో లినక్స్ దోషం లేదు. చెరిపివేయబోతున్నానని అది నన్ను స్పష్టంగా హెచ్చరించింది. చదవకుండా నొక్కింది నేను. తొందరపాటు షైతాను నుండి వస్తుందని ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్నవాడిని. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయాలన్న ప్రవక్త (స) బోధను ఎన్నిసార్లు వినిపించానో లెక్క లేదు. ఆ రోజు నా ఒంటెను నేనే కట్టలేదు. గుమాస్తా గారికి క్షమాపణ చెప్పుకున్నాను. అల్లాహ్ దయవల్ల తల్లిదండ్రులకు చూపడానికి ప్రతి నెలా అచ్చు తీసిన కాగితాలు చాలావరకు బీరువాలో దొరికాయి. పై తరగతి పిల్లలు నలుగురు, నేను కలిసి పదకొండు రాత్రులు ఇషా తరువాత కూర్చుని వాటిని తిరిగి టైపు చేశాము. ఐదు నెలల కాగితాలు మాత్రం దొరకలేదు.

కనుక మీకు నా విన్నపం: డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, ఫోటోలు అన్నింటినీ, ఆ కంప్యూటరు వాడే ఇంటివారందరినీ అడిగి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచిన తరువాతనే డిస్కు జోలికి వెళ్లండి.

ఏది కుదిరింది, ఏది కుదరలేదు

మిగిలిన నాలుగు యంత్రాలలో పని నిదానంగా, క్షేమంగా జరిగింది. ఉత్తరాలకు, పట్టికలకు 'లిబ్రే ఆఫీస్' దానితోపాటే వస్తుంది. ఉర్దూ, అరబీలలో కుడి నుండి ఎడమకు రాయడానికి, టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల విభాగంలో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అన్నచోట టిక్కు పెట్టాలి. ఇది తెలియక నేను రెండు రోజులు కష్టపడ్డాను. కీబోర్డు సెట్టింగులలో తెలుగు, ఉర్దూ, అరబీ లేఅవుట్లు మూడింటినీ చేర్చుకుని, ఒకదాని నుండి మరొకదానికి మారవచ్చు. అరబీకి 'అమీరీ' అన్న ఫాంట్ ఉన్నది. ఈజిప్టులోని ప్రసిద్ధ బూలాఖ్ ముద్రణాలయపు అక్షరాలను ఆధారం చేసుకుని ఖాలిద్ హుస్నీ దీనిని రూపొందించి, అందరికీ స్వేచ్ఛగా ఇచ్చారు. ఉర్దూకు 'నోటో నస్తాలీఖ్' ఉన్నది. తెలుగుకు 'పోతన', 'వేమన', 'మండలి', 'రామభద్ర' వంటివి ఉన్నాయి. ఇవన్నీ యజమానుల అనుమతితో లభించేవే.

కుదరనివి కూడా చెప్పాలి. మా రెండు ప్రింటర్లలో ఒకటి తగిలించగానే పనిచేసింది. రెండవది మేనల్లుడు వచ్చి ఒక పూటంతా శ్రమించేవరకు మాట వినలేదు. అంతకంటే పెద్ద సమస్య పాత ఫైళ్లది. యూనికోడ్ రాకముందు ఉర్దూ, తెలుగు పేజీలను ఒక్కో సాఫ్ట్‌వేరు తన సొంత అక్షర సంకేతాలతో తయారుచేసేది. ఆ సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం రాసినవి. వాటిలో కూర్చిన మా పాత పాఠ్యపుస్తకాల పేజీలు లినక్స్‌లో తెరుచుకోలేదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని కొంచెం కొంచెంగా చేసుకోవాలి. అది పూర్తయ్యేవరకు ఒక విండోస్ యంత్రం తప్పనిసరి.

మా ఆరింటిలో ఒకటి కొంచెం కొత్తది. అది విండోస్ 11కు సరిపోతుంది. ఆ ఒక్కదానికి సరైన లైసెన్సు కొనాలని నిర్ణయించాము. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు మేము కొన్నదే, రసీదు దఫ్తరులో ఉన్నది. తప్పును కళ్లారా చూస్తూ ఊరుకున్నది ఉపాధ్యాయులమైన మేమే కనుక, విరాళాల పద్దును ముట్టుకోకుండా నలుగురం మా జీతాలలో నుండి ఆ సొమ్ము వేసుకున్నాము. గడచిన కాలానికి ఇస్తిగ్ఫార్ చేసుకున్నాము.

ఇంటివారికి రెండు మాటలు

లినక్స్ వేసినంత మాత్రాన ఇల్లు ధార్మికమైపోదు. అంతర్జాలంలోని మంచిచెడులు అక్కడా అవే. పిల్లల మీద కన్ను వేసి ఉంచవలసిన బాధ్యత తల్లిదండ్రులదే. వైరసు బెడద తక్కువన్నది నిజమే గాని, వచ్చిన భద్రతా సవరణలను ఎప్పటికప్పుడు వేసుకోవాలి. ఏది పడితే అది దింపుకుని పాస్‌వర్డ్ కొట్టకూడదు. మీ ఉద్యోగానికో, పిల్లల చదువుకో విండోస్ మీదనే నడిచే ప్రోగ్రాము అవసరమైతే, ముందు లైవ్ పద్ధతిలో పరీక్షించుకోండి. కొనగలిగిన వారు కొనుక్కుని వాడుకోవడంలో ఏ దోషమూ లేదు.

మరొక మాట. ఈ వ్యవస్థను నిర్మించినవారిలో అధికులు మన ధర్మానికి చెందినవారు కారు. మనుషుల పట్ల కృతజ్ఞత లేనివాడు అల్లాహ్ పట్ల కూడా కృతజ్ఞుడు కాలేడని మనకు నేర్పబడింది. తీసుకోవడమే కాక ఇవ్వడం కూడా నేర్చుకోవాలి. 2007లో 'ఉబుంటు ముస్లిం ఎడిషన్' పేరుతో మొదలై, తరువాత 'సబీలీ'గా మారిన ఒక ప్రయత్నం ఉండేది. నమాజు వేళలు, ఖుర్ఆన్ పఠన ప్రోగ్రాములతో కూడిన ఆ రూపం 2011 తరువాత కొనసాగలేదు. తెలుగులో హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' అన్న సంస్థ ఈ రంగంలో పనిచేస్తున్నది. కంప్యూటరు చదివిన మన యువతీయువకులు మెనూలను తెలుగులోకి, ఉర్దూలోకి అనువదించినా, ఒక దోషాన్ని సరిదిద్దినా, దానితో ఎవరు ఎంతకాలం ప్రయోజనం పొందితే అంతకాలం ఆ పుణ్యం తమ ఖాతాలో చేరుతుందని ఆశించవచ్చు. ప్రయోజనకరమైన విద్య మనిషి మరణించిన తరువాత కూడా ఆగిపోని ఆచరణలలో ఒకటి కదా.

రెండు నెలల తరువాత అదే తరగతిలో, అదే విద్యార్థిని లేపి నిలబెట్టి, "బేటా, నీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. ఆ రోజు ఉన్నవి కొన్నవి కావు. నాకు ఆ సంగతి తెలుసు. ఇప్పుడు ఒకటి కొన్నాము, ఐదు అనుమతితో తెచ్చుకున్నాము" అన్నాను. అతడు తల వంచుకుని, "జజాకల్లాహ్ హజ్రత్" అని కూర్చున్నాడు. ఆ తరువాత గస్బ్ అధ్యాయంలో మిగిలిన భాగాన్ని ప్రారంభించాము.

మన సంపాదనలోనే కాక, మన చేతిలోని ప్రతి పనిముట్టులోనూ హలాల్‌ను వెదికే దృష్టిని, తప్పును ఎత్తిచూపిన చిన్నవారి మాటను ఆలకించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.